తెల్ల పరికిణీ వెనక కథ

బ్యాలే అన్న మాట మనకు కొత్తది కాదు. ఏ పాఠశాల వార్షికోత్సవంలోనైనా పదిమంది పిల్లలు కలిసి ఒక కథను ఆడి చూపిస్తే చాలు, దానికి బ్యాలే అని పేరు పెట్టి ఆహ్వానపత్రికలో అచ్చు వేయించేస్తాం. అసలు బ్యాలే పుట్టి పెరిగిన దేశాలవారికి మాత్రం ఆ మాట చెవిన పడగానే కళ్లెదుట నిలిచే బొమ్మ ఒక్కటే. మునివేళ్ల కొనమీద నిలబడ్డ సన్నని పడుచు. ఆమె నడుం చుట్టూ పళ్లెంలాగా విచ్చుకున్న తెల్లని పొట్టి పరికిణీ. కాలెండర్లలోనూ, చాక్లెట్ డబ్బాలమీదా, తాళం తిప్పితే పాడే నగలపెట్టెల్లోనూ మీరు చూసే ఉంటారు. ఆ పరికిణీ పేరు టుటు.

ఈ పేరుకు మూలం చెప్పాలంటే కొంచెం సిగ్గుపడవలసిందే. ఫ్రెంచి దేశంలో పసిపిల్లల పిరుదులను ముద్దుగా పిలిచే మాట ఒకటుంది. నాట్యశాలలో ముందు వరసల్లో కూర్చున్న మగమహారాజులు, నర్తకి గిర్రున తిరిగినప్పుడు కుచ్చిళ్ల అడుగున తమకు కనిపించినదాన్ని గురించి పరాచికాలాడుతూ ఆ మాటను వాడేవారట. అదే నోళ్లలో పడి టుటు అయిందని ఎక్కువమంది చెప్పే కథ. కాదు, 'ట్యూల్' అనే వలబట్ట పేరులోనుంచి వచ్చిందని మరికొందరు. పేరు ఎలా వచ్చినా, ఈ దుస్తు కథలో రెండు సంగతులు మొదటినుంచీ పెనవేసుకునే ఉన్నాయి. ఒకటి, ఆడవాళ్లు తమ కాళ్లకు స్వేచ్ఛ సంపాదించుకోవడం. రెండోది, ఆ కాళ్లను చూసేందుకు డబ్బిచ్చి వచ్చినవారి చూపు.

మగవాళ్లే ఆడవాళ్లు

బ్యాలే మొదట రాజుల వినోదం. ఇటలీ ఆస్థానాల్లో మొలకెత్తి, ఫ్రెంచి ఆస్థానంలో చెట్టయింది. 1653లో పధ్నాలుగేళ్ల పద్నాలుగో లూయీ రాజు, రాత్రల్లా సాగిన ఒక బ్యాలేలో బంగారు జరీ దుస్తులు ధరించి ఉదయిస్తున్న సూర్యుడిగా నాట్యం చేశాడు. ఆయనకు 'సూర్యరాజు' అన్న పేరు స్థిరపడడానికి ఆ వేషం చాలా సాయపడింది. 1661లో ఆయనే నాట్యానికి ఒక రాజకీయ విద్యాపీఠం నెలకొల్పాడు.

పారిసు రంగస్థలంమీద ఆ రోజుల్లో స్త్రీ వేషాలు కట్టింది మగవాళ్లే. మన కూచిపూడి భాగవతుల్లో సత్యభామ వేషం మగవారే కట్టిన సంగతి తెలిసినవారికి, వేదాంతం సత్యనారాయణ శర్మగారి భామను కళ్లారా చూసినవారికి ఇది వింతగా తోచదు. స్త్రీలు వృత్తి నర్తకులుగా పారిసు రంగస్థలం ఎక్కింది 1681లో. ఎక్కడమైతే ఎక్కారు గాని, వాళ్లకిచ్చిన దుస్తులు నాట్యం చేయనిచ్చేవి కావు. నేలను రాసుకునే బరువైన పట్టుగౌను, దానికింద వెదురుబుట్టలాంటి చట్రం, నడుం బిగించే కవచం, మడమల చెప్పులు, ముఖానికి మాస్కు, తలమీద బుట్టెడు విగ్గు. అవి కట్టుకుని నడవడమే ఒక విద్య. ఎగరడం మాట దేవుడెరుగు. మగవాడు ఎగిరి గాలిలో పాదాలు కొట్టి చూపిస్తే జనం చప్పట్లు కొట్టేవారు. ఆడది అదే చేసినా కనిపించేదేమున్నది, గౌను ఊగడం తప్ప?

మారీ కమార్గో అనే పిల్లకు ఇది నచ్చలేదు. 1726లో పారిసులో అరంగేట్రం చేసిన ఈమె, మగవాళ్ల గంతులన్నీ నేర్చి, అవి కనిపించాలని తన గౌనును చీలమండ కనిపించేంత పైకి కత్తిరించింది. ఎంత? నాలుగు వేళ్ల మేర అనుకోండి. ఆ నాలుగు వేళ్ల బట్టమీద పారిసు నగరంలో జరిగిన చర్చ అంతా ఇంతా కాదు. చెప్పుల మడమలు కూడా ఆమె తీసేయించింది. ఆమెకు పోటీగా నిలిచిన మారీ సలే మరో అడుగు ముందుకు వేసింది. 1734లో లండనులో పిగ్మాలియన్ కథలో ప్రాణం పోసుకున్న శిల్పంగా నటిస్తూ, చట్రమూ విగ్గూ రెండూ విసిరేసి, జుట్టు విరబోసుకుని, పల్చని మస్లిన్ వస్త్రం ఒంటికి చుట్టుకుని వచ్చింది. శిల్పానికి వెదురుబుట్ట ఎందుకన్నది ఆమె ప్రశ్న. సమంజసమైన ప్రశ్నే కదా!

తండ్రి కుట్టించిన వెన్నెల

మనకు తెలిసిన తెల్ల పరికిణీ పుట్టిన తేదీ మాత్రం కచ్చితంగా చెప్పవచ్చు: 1832 మార్చి 12. పారిసు ఆపెరాలో ఆ రాత్రి 'లా సిల్ఫీడ్' అనే బ్యాలే తొలి ప్రదర్శన జరిగింది. కథలో ఒక గంధర్వకన్యలాంటి వనదేవత, పెళ్లి నిశ్చయమైన ఒక స్కాట్లండు యువకుణ్ణి ఆకర్షించి అడవిలోకి తీసుకుపోతుంది. ఆ పాత్రధారిణి మారీ టాగ్లియోనీ. నాట్యం కూర్చింది ఆమె తండ్రి ఫిలిప్పో.

టాగ్లియోనీ అందగత్తె కాదు. కొంచెం గూని, చేతులు మరీ పొడుగు. తండ్రి ఆమెచేత రోజుకు ఆరేసి గంటలు సాధన చేయించాడు. పొడుగు చేతులు పొట్టిగా కనిపించేలా వాటిని వంచి, కలిపి, గుండెలమీద పెట్టించి కొత్త భంగిమలు కల్పించాడు. ఆ లోపాలను కప్పిపుచ్చడానికి పుట్టిన భంగిమలే తరవాత ప్రపంచమంతా అనుకరించే అందాలయ్యాయి! ఆమె మునివేళ్ల కొనమీద నిలబడేది. గట్టి ముక్కు ఉన్న బూట్లు అప్పటికింకా రాలేదు; మెత్తని సాటిను చెప్పుల కొనలకు సూదిదారంతో దిట్టంగా కుట్లు వేసుకుని, పాదాల బలంతోనే లేచేది. ఈ విద్య అంతకు ముందు కొందరికి తెలుసు గాని, వాళ్లది గారడీ. టాగ్లియోనీ నిలబడితే భూమిని తాకీ తాకనట్టుండేది.

ఆ తేలికదనం కళ్లకు కట్టాలంటే దుస్తు కూడా అలాగే ఉండాలి. ఊజెన్ లామీ అనే చిత్రకారుడు రూపొందించినదని చెప్పే ఆ వేషంలో నగలు లేవు, జరీ లేదు. ఒంటికి అతికిన తెల్లని జాకెట్టు, భుజాలు బయటికి. నడుం నుంచి పిక్కల సగం దాకా గంటలాగా జారిన పలచని తెల్ల కుచ్చిళ్ల పరికిణీ. వీపున రెండు చిన్న రెక్కలు. అంతే. ఢాకా నేతగాళ్లు ఉంగరంలోంచి దూర్చి చూపించేవారని చెప్పుకునే మస్లిన్ పేరు అప్పటికి యూరపులో ఇంటింటి మాట. ఆ జాతి పలచని నూలుబట్టకే గంజి పెడితే బిరుసుగా నిలుస్తుంది. దాన్ని వరసలు వరసలుగా కుట్టారు.

దీపాల సంగతి కూడా చెప్పాలి. పారిసు ఆపెరాకు గ్యాసు దీపాలు వచ్చింది 1822లో. కొవ్వొత్తులను ఒక్కసారిగా తగ్గించడం హెచ్చించడం సాధ్యం కాదు. గ్యాసును మర తిప్పి తగ్గించవచ్చు. రంగస్థలంమీద నీలి వెన్నెల కాయించడం అలా సాధ్యమైంది. ఆ వెన్నెలలో ఈ తెల్లబట్ట మంచులాగా కనిపించింది. జనం వెర్రెత్తిపోయారు. విక్టోరియా రాణి చిన్నతనంలో ఆడుకున్న కర్రబొమ్మల్లో టాగ్లియోనీ వేషం వేసిన బొమ్మలున్నాయి. 1842లో ఆమె రష్యా విడిచి వెళ్లేటప్పుడు అక్కడి రసికులు ఆమె చెప్పుల జతను వేలంలో కొని, వండించి, పులుసుతో భోంచేశారని ఒక కథ. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

1841లో 'జిసెల్' వచ్చింది. పెళ్లికాకుండా చనిపోయిన పడుచుల ఆత్మలు అర్ధరాత్రి అడవిలో నాట్యం చేసే కథ. ఇరవై ముప్ఫైమంది పడుచులు ఒకే తీరు తెల్ల పరికిణీల్లో వరసలు తీరారు. అప్పటినుంచి 'తెల్ల బ్యాలే' అన్నది ఒక తరహాగా నిలిచిపోయింది.

సీతాకోకచిలుక

ఆ వెన్నెలను కాయించిన దీపమే ఆ బట్టకు మృత్యువయింది.

ఆలోచించి చూడండి. గాలి ఆడే పలచని నూలుబట్ట, ఒకదానిమీద ఒకటిగా పది వరసలు. వరస వరసకూ మధ్య గాలి. రంగస్థలం అంచునా, రెండు ప్రక్కలా పైపుల చివర భగభగ మండే గ్యాసు మంటలు. పొయ్యి దగ్గర వేలాడే పైటకొంగు ఎంత ప్రమాదమో మన ఇళ్లలో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 1844 డిసెంబరులో లండను డ్రూరీలేన్ నాటకశాలలో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి పరికిణీకి నిప్పంటుకుని మూడు రోజుల్లో చనిపోయింది. 1861 సెప్టెంబరులో అమెరికాలో ఫిలడెల్ఫియా నగరంలో ఒక నర్తకి దుస్తులంటుకుంటే, ఆర్పబోయిన అక్కచెల్లెళ్లూ, తోటి పిల్లలూ అంటుకుని కనీసం ఆరుగురు బలైపోయారు.

నివారణ లేక కాదు. కార్టరాన్ అనే ఫ్రెంచి ఆయన పటిక మొదలైనవి కలిపిన ద్రవంలో బట్టను ముంచి, నిప్పంటుకోకుండా చేసే పద్ధతి కనిపెట్టాడు. 1859లో ఫ్రెంచి ప్రభుత్వం నాటకశాలల్లో తెరలూ దుస్తులూ అలా ముంచి తీరాలని శాసనం చేసింది కూడా. కాని ముంచిన బట్ట మాసినట్టు పసుపు తిరిగేది, అట్టముక్కలాగా బిగుసుకునేది. నర్తకులు ఒప్పుకోలేదు.

ఒప్పుకోనివారిలో ఎమ్మా లివ్రీ ఒకతె. 1842లో పుట్టిన ఈ పిల్ల పదహారేళ్లకే 'లా సిల్ఫీడ్' ఆడి పారిసును మెప్పించింది. ఎప్పుడో రంగస్థలం విడిచి ఇటలీలో విశ్రాంతి తీసుకుంటున్న టాగ్లియోనీ ఈ పిల్ల సంగతి విని పారిసుకు వచ్చి, శిష్యురాలిగా స్వీకరించి, తన జీవితంలో తాను కూర్చిన ఒకే ఒక్క బ్యాలేను ఆమెకోసం కూర్చింది. దాని పేరు 'ల పపియోఁ', అంటే సీతాకోకచిలుక. సంగీతం ఓఫెన్‌బాఖ్‌ది. 1860 నవంబరులో ప్రదర్శన. కథలో సీతాకోకచిలుకగా మారిన కన్య దివిటీ వెలుగుకు ఆశపడి దగ్గరికి పోతుంది; రెక్కలు కాలిపోతాయి. ఆ సందర్భంలోనే లివ్రీ, తాను మామూలు పరికిణీతోనే ఆడతాననీ, ఏం జరిగినా బాధ్యత తనదేననీ ఆపెరా అధికారికి స్వదస్తూరితో రాసి ఇచ్చింది.

1862 నవంబరు 15న ఒక రిహార్సలు జరుగుతున్నది. ఒక మూగ జాలరిపిల్ల పాత్ర లివ్రీది. రెండో అంకంలో తన వంతు వచ్చేదాకా ప్రక్కన ఒక ఎత్తుమీద కూర్చోబోతూ, నలగకుండా ఉండాలని పరికిణీ కుచ్చిళ్లను ఎగదోసింది. ఆ విసురుకు గాలి లేచింది. దగ్గరున్న గ్యాసు మంట కుచ్చిళ్లను అందుకుంది. ఒక్క క్షణంలో పిల్ల మంటలో ఉంది. భయంతో రంగస్థలంమీద అటూ ఇటూ పరుగెత్తింది. పరుగుకు మంట ఇంకా హెచ్చింది. అగ్నిమాపక సిబ్బందిలో ఒకడు దుప్పటి కప్పి పట్టుకునేలోగా జరగవలసింది జరిగిపోయింది. ఒంటిమీద బట్ట కాలిపోతుంటే, నలుగురి కంటా పడతానన్న సిగ్గుతో మండుతున్న గుడ్డపేలికలనే ఆమె గుండెలకు అదుముకున్నదట.

ఎనిమిది నెలలు నరకయాతన పడింది. అంత బాధలోనూ, ఆ ముంచిన పరికిణీలు మేలే గాని చూడ్డానికి వికారమని, తిరిగి రంగస్థలం ఎక్కినా తాను తొడగనని చెప్పినట్టు చెబుతారు. 1863 జులైలో మార్పుకోసం పారిసు పొలిమేరకు తీసుకుపోతే పుళ్లు మళ్లీ తిరగబెట్టి, రక్తం విషమై, 26వ తేదీన కన్నుమూసింది. ఇరవై ఒకటో ఏడు నిండలేదు. ఆనాటి దుస్తుల్లో మిగిలిన నాలుగు మసిబట్టిన పీలికలను పారిసు ఆపెరా మ్యూజియంలో ఈనాటికీ భద్రపరిచారు.

ఆ పిల్లదే తప్పని ఆనాడు అన్నవారున్నారు. నాకు అలా అనబుద్ధి కాదు. ముసురు పట్టిన బట్టతో వనదేవతలా కనిపించమంటే ఎలా? జనం చూడవచ్చేది ఆ తేలికదనాన్నే. అది పోతే నర్తకి జీతమే పోతుంది. శాసనం చేసినవారు దీపాలకు వలలు కట్టే ఖర్చు పెట్టుకుని ఉంటే పిల్లలు బట్టను పటికనీళ్లలో ముంచవలసిన పనే ఉండేది కాదు. చివరికి సమస్యను తీర్చింది శాసనాలు కావు, విద్యుద్దీపం. 1881లో లండను సవాయ్ నాటకశాల పూర్తిగా విద్యుత్తుతో వెలిగింది. మిగతావి ఒకటొకటే ఆ దారి పట్టాయి.

ఆ 1881లోనే డెగా అనే చిత్రకారుడు పారిసులో ఒక మైనపు విగ్రహాన్ని ప్రదర్శించాడు. పద్నాలుగేళ్ల నర్తకి, మైనపు ఒంటిమీద నిజమైన గుడ్డ పరికిణీ, జడకు నిజమైన రిబ్బను. జనం ముఖం చిట్లించారు. ఆపెరాలో నాట్యం నేర్చే ఆ పిల్లలు ఎక్కువగా చాకలివాళ్ల, కూలివాళ్ల కూతుళ్లు. తెరవెనక గదిలోకి డబ్బున్న చందాదారులు నేరుగా వచ్చి పిల్లలతో మాట్లాడే హక్కు ఉండేది. ఆ హక్కు దేనికో వివరించనక్కరలేదు. డెగా బొమ్మల్లో తెల్ల పరికిణీల వెనక, చీకట్లో నల్లకోటు వేసుకుని నిలబడ్డ మగమనిషి తరచూ కనిపిస్తాడు.

పరికిణీ పైకి, ఇంకా పైకి

పిక్కల మీదుగా జారిన గంట పళ్లెమెలా అయింది? జవాబు ఇటలీ నర్తకుల కాళ్లలో ఉంది. మిలానులో తయారైన ఈ పడుచులు గట్టి ముక్కు ఉన్న బూట్లు తొడిగి, ఒంటికాలిమీద బొంగరంలాగా తిరిగే విద్య సాధించారు. 1885లో పీటర్స్‌బర్గుకు వెళ్లిన వర్జీనియా జుక్కీ, అక్కడి మర్యాద ప్రకారం పొడుగు పరికిణీ తొడగడానికి ఒప్పుకోక, పొట్టిదే తొడిగి పంతం నెగ్గించుకుంది. పియరీనా లెన్యానీ ఉన్నచోటనే ముప్ఫైరెండు చుట్లు వరసగా తిరిగేది. 1895లో 'స్వాన్ లేక్' బ్యాలేను పీటర్స్‌బర్గులో కొత్తగా ఆడినప్పుడు ఆ చుట్లనే అందులో పెట్టారు. మోకాలు ఎక్కడ వంగుతుందో, తొడ ఎలా తిరుగుతుందో కనిపించకపోతే అన్ని చుట్లు తిరిగి లాభమేమిటి? అంచేత పరికిణీ పైకి పోయింది. పైకి పోయేకొద్దీ కిందికి వాలడం మాని అడ్డంగా నిలిచింది.

నవ్వు పుట్టించే సంగతి ఒకటి చెబుతాను. 1877లో పీటర్స్‌బర్గులోనే పెటిపా అనే నాట్యాచార్యుడు 'లా బయదేర్' అనే బ్యాలే కూర్చాడు. బయదేర్ అంటే దేవదాసి. నాట్యగత్తెకు పోర్చుగీసువారి మాటలోనుంచి వచ్చింది. కథ జరిగేది మన దేశంలో. కథానాయిక నికియా ఒక గుడిలో దేవదాసి. 1838లోనే పుదుచ్చేరి ప్రాంతపు దేవదాసీలు కొందరు పారిసుకూ లండనుకూ వెళ్లి అసలు నాట్యం ఆడి చూపించి వచ్చారు. అయినా పెటిపాగారి స్వర్గంలో మన దేవదాసీల ఆత్మలు తెల్ల పరికిణీలు తొడుక్కుని మునివేళ్లమీద దిగి వస్తాయి! దృశ్యం మాత్రం అద్భుతమైనదే. ఒకరి వెనక ఒకరుగా వాలుమీదనుంచి దిగే ఆ తెల్లని వరసను ఈనాటికీ ప్రపంచం నోరు తెరుచుకుని చూస్తుంది.

పావ్లోవా, అడయారు

టుటు నేరుగా మన దేశానికి వచ్చింది ఆన్నా పావ్లోవాతో. ఫోకిన్ ఆమెకోసం కూర్చిన 'చనిపోయే హంస' ఏ మూడు నాలుగు నిమిషాలో సాగే నాట్యం. నడుం రెండు ప్రక్కలా హంస రెక్కల్లాగా ఈకలు అమర్చిన తెల్ల టుటు, రొమ్ముమీద ఒక ఎర్రరాయి. దూరాన కూర్చున్నవారికి అది నెత్తుటిబొట్టులాగా కనిపిస్తుంది. పావ్లోవా ఈ పరికిణీని పెట్టెల్లో పెట్టుకుని దేశదేశాలు తిరిగింది. 1922లోనూ, మళ్లీ 1928-29లోనూ మన దేశంలో ఆడింది. 1923లో లండనులో ఆమె రాధగా, మన ఉదయశంకర్ కృష్ణుడుగా ఆడారు.

పావ్లోవాను చూసి మనసు పారేసుకున్నవారిలో రుక్మిణీదేవి ఒకరు. ముందు బ్యాలేయే నేర్చుకోబోయారు. మీ దేశపు నాట్యాన్ని చూసుకోమని పావ్లోవా సలహా చెప్పడం, 1935లో రుక్మిణీదేవి అడయారులో రంగమెక్కడం, 1936లో కళాక్షేత్రం వెలవడం అందరూ ఎరిగినవే. దుస్తుల సంగతి మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు. అంతకు పూర్వం నాట్యగత్తెలు చీరనే తమ పద్ధతిలో కట్టుకునేవారు. రుక్మిణీదేవి గుడి శిల్పాలు చూసి, ఇటలీ దేశస్థురాలైన ఒక కుట్టుపనిగత్తె సాయంతో, కాళ్లు చాపితే విసనకర్రలాగా విచ్చుకునే కుట్టిన దుస్తులు తయారు చేయించుకున్నారు. ఈనాడు మన పిల్లలు అరంగేట్రానికి దర్జీచేత కుట్టించుకునే దుస్తులు ఆ కోవలోవే. బ్యాలేలోనూ ఇక్కడా ఒకటే చిక్కు, కాళ్లకు చోటివ్వడం. వాళ్లు బట్టను పైకి ఎత్తారు, మనవాళ్లు మడతల్లో దాచారు.

1931 జనవరి 23న, యాభై నిండకుండానే, పావ్లోవా హాలండులో ఒక హోటల్లో కన్నుమూసింది. చివరి క్షణాల్లో హంస దుస్తులు సిద్ధం చేయమన్నదని చెప్పుకుంటారు. కొద్దిరోజులకే లండనులో ఒక ప్రదర్శన మధ్యలో హంస సంగీతం వాయించి, తెర ఎత్తి, ఖాళీ రంగస్థలంమీద వెలుగు మాత్రం నడిపించారు. సభికులు లేచి నిలబడ్డారు.

కూపన్లు, తెరలు, ఇనపతీగ

కొలతబద్దతో దర్జీ పనిలోకి వద్దాం. టుటు అంటే ఒట్టి పరికిణీ అనుకోవద్దు. లోపల ఒక పొట్టి లాగు ఉంటుంది. వలబట్టను చీల్చి, కుచ్చిళ్లు పోసి, ఆ లాగుమీద వరస తరవాత వరస కుట్టుకుంటూ వస్తారు. అట్టడుగు వరస రెండు మూడు వేళ్ల పొడవు. పైకి వచ్చేకొద్దీ వెడల్పు పెరుగుతుంది. పది పన్నెండు వరసలయ్యాక వాటిని ఒకదానితో ఒకటి దారంతో వదులుగా టాకాలు వేస్తారు. దారం బిగిస్తే పళ్లెం, వదిలితే గంట. పై జాకెట్టు పది పన్నెండు ముక్కల అతుకు. చేత్తో చేసే పనే అరవై నుంచి నూరు గంటలు పైగా పడుతుంది. పూసలు, ఈకలు, జరీ వేరే లెక్క.

నర్తకికి ఇది బట్ట కాదు, జోడీ. గిర్రున తిరిగి ఆగితే, పరికిణీ ఒక రెప్పపాటు ఆలస్యంగా ఆగుతుంది. ఎత్తి పట్టుకునే మగవాడికి తన పాదాలు తనకు కనిపించవు, పళ్లెం అడ్డం. హుక్కులూ పూసలూ అరచేతులు గీరేస్తాయి. ఈ కష్టాలు ఎవరూ టిక్కెట్టుమీద అచ్చు వేయరు.

1946 ఫిబ్రవరి 20న లండను కోవెంట్ గార్డెన్ ఆపెరా భవనం యుద్ధానంతరం తిరిగి తెరుచుకున్నప్పుడు ఈ పని ఎంత కష్టమైందో చూడండి. యుద్ధకాలంలో ఆ భవనాన్ని సోల్జర్ల డాన్సుహాలు చేశారు. తెరవగానే ఆడవలసింది 'స్లీపింగ్ బ్యూటీ', అంటే రాజదర్బారు కథ. వందల కొద్దీ దుస్తులు. దేశంలో బట్టకు రేషను. గజం గుడ్డ కావాలంటే కూపను. సిబ్బంది తమ ఇంటి కూపన్లు తెచ్చి ఇచ్చారు. పాత తెరలూ, దొరికిన గుడ్డాపీలికా చించి కుట్టారు. చిత్రకారుడు ఆలివర్ మెసెల్ వాటికి రంగులు అద్ది రాజసం తెప్పించాడు. రాజు, రాణి, కూతుళ్లు వచ్చి చూశారు. నాయిక మార్గో ఫాంటేన్. ఆరేళ్లు బాంబులకింద బతికినవారికి ఆ దుస్తుల మెరుపు ఎలా ఉండి ఉంటుందో! 1949లో ఆ బ్యాలేనే న్యూయార్కులో ఆడి ఫాంటేన్ ఒక్క రాత్రిలో జగత్ప్రసిద్ధురాలయింది.

పళ్లెం వాలకుండా లోపల సన్నని ఇనపతీగ చుట్టు పెట్టడం అప్పటికే వాడుకలోకి వచ్చింది. ఒంటరి నర్తకికి బాగానే ఉంటుంది. ఇరవైమంది దగ్గర దగ్గరగా నిలబడితే, ఒకరి తీగ ఒకరికి తగిలి, ఒక పరికిణీ ఊగితే వరసంతా ఊగుతుంది. ఈ చిక్కు విప్పినది బార్బరా కరిన్‌స్కా. 1886లో ఖార్కోవులో పుట్టి, విప్లవం తరవాత రష్యా విడిచి, పారిసు, లండను మీదుగా న్యూయార్కు చేరిన కుట్టుపని మహారాణి. 'జోన్ ఆఫ్ ఆర్క్' చిత్రం దుస్తులకు మరొకరితో కలిసి ఆస్కారు బహుమతి పొందింది. 1950లో బాలన్‌షీన్ కూర్చిన ఒక బ్యాలేకు ఆమె తీగ తీసేసింది. వరసలు తగ్గించింది, పొట్టి చేసింది, టాకాలు బాగా వదులు చేసింది. పరికిణీ పౌడరు అద్దే మెత్తని కుచ్చులాగా తుంటిమీద వాలింది. దానికి ఆ పేరే వచ్చింది. జాకెట్టు ప్రక్క ముక్కలను, మన దర్జీలు క్రాసు కటింగు అంటారే, అలా ఐమూలగా కత్తిరించడం ఆమె ఇంకో గొప్ప. ఐమూల బట్ట సాగుతుంది, ఊపిరి పీల్చుకోవచ్చు. మూడు వందల ఏళ్లుగా నర్తకులు ఊపిరి బిగబట్టి ఆడుతున్నారని కుట్టేవారికి అంతవరకూ తట్టలేదు కాబోలు.

మేనిరంగు సంగతి ఇంకా ఆలస్యంగా తట్టింది. గులాబిరంగు మేజోళ్లు, గులాబిరంగు బూట్లు తెల్లవారి కాళ్లను ఉద్దేశించి పుట్టినవి. చామనచాయ, నల్లని పిల్లలు తొడిగితే నడుం దగ్గర ఒక మనిషి తెగి ఇంకొకరి కాళ్లు అతికినట్టుంటుంది. ఆర్థర్ మిచెల్ 1969లో న్యూయార్కు హార్లెములో నల్లవారికోసం స్థాపించిన నృత్యసంస్థ, 1974 నుంచి మేజోళ్లూ బూట్లూ ఎవరి మేనిరంగుకు తగ్గట్టు వారికి వేయించింది. వేయించడమంటే బజారులో దొరకడం కాదు. గులాబిరంగు బూట్లు కొని, ముఖానికి పూసుకునే రంగును స్పాంజితో వాటికి పట్టించడమే. ఒక్కో జత రెండు మూడు ప్రదర్శనలకు అరిగిపోతుంది. మళ్లీ కొత్త జత, మళ్లీ పూత. లండనులోని ఫ్రీడ్ కంపెనీ, బ్యాలే బ్లాక్ సంస్థతో కలిసి గోధుమరంగు, కంచురంగు బూట్లు తయారు చేసి అమ్మకానికి పెట్టింది 2018లో.

ప్రదర్శన ముగిశాక టుటును ఉతకరు. ఉతికితే గంజి పోతుంది, వలబట్ట కూలబడుతుంది. చెమట వాసన పోవడానికి వోడ్కా సారాయిలో నీళ్లు కలిపి లోపలివైపు చిలకరిస్తారు. తరవాత తలకిందులుగా వేలాడదీస్తారు, లేదా చిల్లపెనం మీద అట్లలాగా ఒకదానిమీద ఒకటి పేర్చిపెడతారు. వీపువైపు హుక్కులు ఒక వరస కాదు, మూడు నాలుగు వరసలుంటాయి. ఒకే దుస్తును సన్నటి పిల్లా, కాస్త ఒళ్లున్న పిల్లా మార్చి మార్చి తొడగాలి కదా. లోపల నడుంపట్టీకి ఒక గుడ్డముక్క కుట్టి, దానిమీద సిరాతో నర్తకి పేరు రాస్తారు. ఆమె మానేస్తే ఆ పేరు కొట్టేసి కింద ఇంకో పేరు రాస్తారు. పాత టుటుల్లో అయిదారు పేర్లు ఉండడం మామూలు.